దస్తగిరి వంతు నాలుగు చరణాలు

నాకు పీహెచ్‌డీ సీటు వచ్చింది. ఈ మాట ముందు చెప్పకుండా ఇంకేదీ చెప్పలేను. వారం రోజులుగా ఎవరు కనపడినా ఇదే చెబుతున్నాను. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల వచ్చే బస్సులో టికెట్ ఇచ్చిన కండక్టరుకు కూడా చెప్పాను. మా ఇంట్లో పదో తరగతి దాటినదాన్ని నేనొక్కదాన్నే. మా నాయన ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్డులో రాళ్లకు నునుపు పెట్టే పని చేస్తాడు. సీటు సంగతి చెప్పినప్పుడు నంది వీపు మీద చెయ్యి అలాగే పెట్టి, "డాక్టరంటే సూది ఏసే డాక్టరేనా పాపా?" అని అడిగాడు. కాదని చెప్పాను. "అయితే ఇంకా మేలు. నీ చేతిలో ఎవురూ సావరు" అన్నాడు.

ఇంత సంతోషంలోనూ నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. ఆ కారణమే ఇక్కడ రాస్తున్నాను.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. మాది చర్చికి వెళ్లే కుటుంబం. గాలి సోకడం, పూనకం, తాయెత్తు కట్టించుకోవడం మా ఇంట్లో లేవు. హాస్టల్లో మూడో అంతస్తు బాత్రూములో ఎవరో ఏడుస్తున్నారని అమ్మాయిలంతా కింద గదుల్లో పడుకుంటే, నేను పైకి వెళ్లి కారుతున్న కొళాయికి గుడ్డ చుట్టి వచ్చాను. అందుకే కింద రాసేదాన్ని ఎవరైనా పిరికిదాని మాటగా కొట్టిపారేస్తే నాకు బాధగా ఉంటుంది.

పీజీ రెండో ఏడాదిలో మా సార్ ఒకరోజు క్లాసులో కొన్ని పాత పాటలు వినిపించారు. అమెరికాలో పత్తి చేలల్లో పనిచేసిన నల్లవాళ్ల పాటలట, బ్లూస్ అంటారట. ఒక్క మాటా అర్థం కాలేదు. కానీ పాడేవాడు ఒక చోట ఆగుతాడు, ఆ ఆగిన చోట గుండె పట్టేసింది. వాళ్లలో చాలామంది ఎవరో కూడా తెలియదనీ, కొంతమంది ఏళ్ల తరబడి ఊరూరూ తిరిగి రికార్డులో వినపడే రెండో గొంతు ఎవరిదో, ఆ మనిషి ఎక్కడ పుట్టి ఎక్కడ పోయాడో వెతికారనీ సార్ చెప్పారు. మన దగ్గరా పత్తి ఉంది, కరువు ఉంది, కరువు మీద పాటలున్నాయి, వెతికేవాళ్లే లేరన్నారు. ఆ రోజే నా టాపిక్ కుదిరిపోయింది.

మా వైపు కరువు పాటలు ఇద్దరు కలిసి పాడతారు. ఒకరు తంబుర పట్టుకుని ముందు పాడతారు. రెండోవారు చిడతలు వాయిస్తూ వెనక అందుకుంటారు. ఆ రెండోవాణ్ణి వంతగాడు అంటారు. ఉయ్యాలవాడ వైపు ఒక పల్లెలో ఓబన్న, దస్తగిరి అనే ఇద్దరు ముసలివాళ్లు ఇలా జంటగా నలభై ఏళ్లుగా పాడుతున్నారని తెలిసింది. ఓబన్న సేద్యం మనిషి. దస్తగిరి తీగ కట్టిన వింటితో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఫోను చేస్తే ఓబన్న తాత రమ్మన్నాడు. ఎప్పుడైనా రా, ఇద్దరమూ ఊర్లోనే ఉంటాం అన్నాడు.

నేను పరీక్షలయ్యాక వస్తానన్నాను.

పరీక్షలయ్యేలోగా దస్తగిరి తాత చనిపోయాడు. నాకు తెలిసేసరికి నలభయ్యో రోజు కార్యం కూడా అయిపోయింది. ఈ తప్పు నాదే. మార్కుల కోసం ఒక మనిషి గొంతును పోగొట్టుకున్నాను.

సీటుకు దరఖాస్తు పెట్టాలంటే కనీసం ఒక పాట పూర్తిగా రికార్డు చేసి, పాడినవాళ్ల వివరాలతో ఇవ్వాలి. మిగతా పల్లెల్లో నాకు దొరికినవన్నీ ముక్కలు. ఒకరికి పల్లవి గుర్తుంటే చరణం గుర్తులేదు. ఆఖరి తేదీ ఇంకా పది రోజులుందనగా, వేరే దారి లేక, దస్తగిరి తాత పోయిన ఐదు నెలలకు ఓబన్న తాత ఇంటికి వెళ్లాను.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఎండ మండిపోతోంది. తాత పంచలో మంచం మీద కూర్చున్నాడు. ఆయన కోడలు చిట్టెమ్మ పక్కనే ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆ ఘాటుకు వెళ్లిన క్షణం నుంచీ నా గొంతు గీరుతూనే ఉంది.

పాడమని అడిగితే తాత ఒప్పుకున్నాడు. కానీ పాట సగమే వస్తుందన్నాడు. వాళ్ల గురువు ఇద్దరికీ కలిపి పాట నేర్పలేదట, పంచి నేర్పాడట. ఎనిమిది చరణాల పాటలో నాలుగు ఒకరివి, నాలుగు ఇంకొకరివి. మడక, అంటే నాగలి గురించిన చరణాలు ఓబన్నవి, దూది గురించినవి దస్తగిరివి. ఒకరి చరణం ఇంకొకరు నోట పలకకూడదు. ఒకరు పోతే, ఏడాది దాకా రెండోవారు ఆ చరణాల చోట నోరు మూసుకుని తాళం మాత్రమే వేయాలి.

నలభై ఏళ్లు పక్కన కూర్చుని విన్నాడు కదా, రాకుండా ఎలా ఉంటాయని అడిగాను.

"ఇన్న్యా. నోట్లో ఏసుకోలే" అన్నాడు.

పాట పూర్తిగా లేకపోతే నా సీటు పోతుందని కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

తాత నవ్వాడు. "సగం నా కాడ ఉండాది, సగం వాడు ఎత్తుకోని పాయ. కావల్లంటే వాణ్ణే అడుక్కో పాపా."

సరే, ఉన్నది ఉన్నట్టే తీసుకుందామని, కాలేజీలో అడిగి తెచ్చుకున్న రికార్డరును మంచం కోడు దగ్గర పెట్టాను. అది మొరాయిస్తే పనికొస్తుందని నా ఫోను కూడా ఆన్ చేసి ఇంకో పక్క పెట్టాను. తాత తంబుర ఎత్తాడు. ఎడమచేత్తో తనే చిడతలు పట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

నల్లరేగడి తల్లీ, నన్నెట్ల మరిచితివే
వాన పోయిన తోవ నాకైన చెప్పకపోతివే

మొదటి చరణం అయ్యింది. పల్లవి మళ్లీ వచ్చింది. దస్తగిరి చరణం రావాల్సిన చోట తాత గొంతు ఆగిపోయింది. చిడతలు మాత్రం నడుస్తున్నాయి. మనిషి ఎదురుగా ఉండి నోరు కదలకపోవడం, తాళం సాగుతుండడం... వినడానికి చాలా కష్టంగా ఉంది.

ఇక్కడ నేనొక పని చేశాను. ఐదేళ్ల వయసు నుంచీ నేను చర్చి క్వయర్‌లో పాడుతున్నాను. ముందు పాడేవారు ఆగితే వెనకవాళ్లు అందుకోవాలి, అది మాకు ఊపిరి లాంటి అలవాటు. ఆ ఖాళీలో నా నోరు దానంతటదే తెరుచుకుని, పల్లవి చివరి మాట దగ్గర "ఊఁ" అని శ్రుతి కలిపింది. వెంటనే తప్పు చేశాననిపించింది. ఆ ఒక్క "ఊఁ" నాకు బాగా గుర్తుంది.

తర్వాతవీ గుర్తున్నాయి. రికార్డరు మీద ఎర్ర లైటు. చిట్టెమ్మ చేటలో మిరపకాయల చప్పుడు. దగ్గు వస్తుందేమోనని పంటి బిగువున ఆపుకోవడం. తాత నాలుగు చరణాలు పాడాడు, నాలుగు చోట్ల ఆగాడు. నేను కదలకుండా కూర్చున్నాను. నాకు గుర్తున్నది ఇంతే.

పాట అయ్యాక తాత కళ్లు తెరిచి నన్ను చాలాసేపు చూశాడు.

"యాడ నేర్చుకున్యావ్ పాపా?"

శ్రుతి కలిపినందుకు అడుగుతున్నాడనుకున్నాను. "చర్చిలో తాతా, చిన్నప్పుడే" అన్నాను.

"అట్లనా" అన్నాడు. తంబుర గోడకు ఆనించి కోడలితో, "చిట్టెమ్మా, పాడినోళ్లకు అన్నం పెట్టల్ల. ఇద్దరికీ పెట్టు" అన్నాడు. నన్నూ కలిపి మర్యాదకు అంటున్నాడనుకున్నాను. సంగటి, చెనిక్కాయల పచ్చడి పెట్టారు. బాగా ఆకలేసింది, మళ్లీ అడిగి పెట్టించుకుని తిన్నాను.

మర్నాడు పొద్దున నంద్యాల హాస్టల్లో పాట రాసుకోవడానికి కూర్చున్నాను. నోటుబుక్కులో ఎనిమిది చరణాలకు చోటు వదిలి, దస్తగిరి వంతు వచ్చే చోట్ల ముందుగానే "ఖాళీ" అని రాసి పెట్టుకున్నాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆన్ చేశాను.

మొదటి చరణం. పల్లవి. నా "ఊఁ". దాని వెనకే ఒక ఆడగొంతు.

తీగ తెగిన వింటితో దూది ఏమని ఏకుదు
పోగు రాని పత్తితో పొద్దు ఏమని గడుపుదు

చిట్టెమ్మ అనుకున్నాను. ఇంత బాగా పాడుతుందా, నేనెందుకు గమనించలేదు అనుకుని వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. నా ముందు పన్ను ఒకటి కొంచెం వంకర. "స" పలికినప్పుడు గాలి పోయినట్టు వినపడుతుంది. క్వయర్‌లో దానికి నన్ను ఎప్పుడూ ఏడిపించేవాళ్లు. నాలుగో చరణంలో "సంతలోన" అన్న మాట వచ్చింది. ఆ "స" నాది.

ఇయర్‌ఫోన్లు తీసి మంచం మీద పడేశాను. కిటికీ అవతల మామూలుగానే ఆటోలు పోతున్నాయి, ఎవరో అమ్మాయి బట్టలు ఉతుకుతోంది. కాసేపయ్యాక ఫోనులో చేసిన రికార్డింగు తెరిచాను. అందులోనూ అదే. నాలుగు ఖాళీల్లో నాలుగు చరణాలు. తాళం తప్పలేదు, మాట తడబడలేదు.

చిట్టెమ్మకు ఫోను చేశాను. నిన్న పాడింది ఎవరని అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాను.

"నువ్వే గదక్కా. కడాకు పాడితివి. నేను ఆడనే కూకోని తొడిమెలు తీస్తాండా గదా."

ఎన్ని చరణాలు పాడానని అడిగాను.

"నేనేమన్నా లెక్కబెట్టుకున్న్యానా? ఏమక్కా, పానం బాగలేదా?"

బాగానే ఉందని చెప్పి పెట్టేశాను. కానీ నాకూ అదే అనుమానం వచ్చింది. మూర్ఛ లాంటిదేమైనా వచ్చిందా? ఎండదెబ్బా? ఎండదెబ్బ తగిలితే మనిషి పడిపోతాడు గానీ రాని పాట పాడతాడా? చిన్నప్పుడు ఎక్కడైనా విని మర్చిపోయానేమో అనుకుని అమ్మకు ఫోను చేసి, మాటల మధ్యలో అడిగాను. దస్తగిరి పేరే ఆమె వినలేదు. మా వీధిలో వినపడినవి కీర్తనలు, సినిమా పాటలు, అంతే. ఓబన్న వాళ్ల పాట ఎవరూ ఎన్నడూ రికార్డు చేయలేదు. వాళ్లు ఆళ్లగడ్డలో పాడిందీ లేదు. అమ్మకు అసలు సంగతి చెప్పలేదు. చెబితే సాయంత్రానికి పాస్టరుగారిని పిలిపించి ఇంట్లో ప్రార్థన పెట్టించేది.

ఆ చరణాలు చూడకుండా పాడదామని ప్రయత్నించాను. ఒక్క వరుస నిలవలేదు. నోటుబుక్కు చూసి పాడితే వచ్చింది గానీ, రికార్డులో ఉన్నట్టు రాలేదు. అందులో "గడుపుదు" అన్న మాట సగంలో తెగుతుంది. "గడు" అని, ఒక చిన్న ఊపిరి, మళ్లీ "పుదు". మాట మధ్యలో ఊపిరి తీయకూడదన్నది క్వయర్‌లో మాకు నేర్పిన మొదటి పాఠం. నేనలా పాడను. కావాలని పాడి చూశాను, నాకే నటనలా వినపడింది.

గడువు ఇంక వారమే ఉంది. చేతిలో పాట పూర్తిగా ఉంది. అయినా నాకు సంతోషం కలగలేదు. ఈ చరణాలు నిజంగా దస్తగిరివేనా? లేక సీటు మీద ఆశతో నా బుర్రే పుట్టించిందా? అలాగైతే నేను ఇచ్చేది దొంగ పాట. పట్టుబడితే సీటు పోవడం అటుంచి, చనిపోయిన మనిషి పేరు మీద అబద్ధం మిగిలిపోతుంది.

వాటిని గుర్తుపట్టగలిగిన మనుషులు ఇద్దరే. ఓబన్న తాత ముందు ఆ చరణాలు మళ్లీ వినిపించడానికి నాకు ధైర్యం చాలలేదు. రెండో మనిషి దస్తగిరి భార్య మాబమ్మ. ఆయన పోయాక నంద్యాలలోనే కూతురి ఇంట్లో ఉంటోంది. వెతుక్కుంటూ వెళ్లాను.

గడప దగ్గర కూర్చుని ఒక పాత పరుపు విప్పుతోంది. ఎవరు నువ్వంటే, పాటల మీద చదువుకుంటున్నానని చెప్పాను.

"పాటలకు కూడా సదువుందా? మా ఆయనకు తెలిసింటే మమ్మల్ని ఇంకా సతాయిస్తా ఉండె" అంది.

ఏమీ ముందుగా చెప్పలేదు. ఒక రికార్డు ఉంది, వినమని మాత్రం అడిగి ఇయర్‌ఫోన్ ఒకటి ఆమె చెవిలో పెట్టాను. ఓబన్న గొంతు రాగానే నవ్వింది. ఆడగొంతు మొదలయ్యాక నవ్వు ఆగిపోయింది. చేతిలోని దూది చేతిలోనే ఉంది. "గడు" దగ్గరికి రాగానే ఆమె వేలు పైకి లేచింది. ఊపిరి వినపడింది. వేలు దించింది.

పాట అయ్యేదాకా వింది. ఇయర్‌ఫోన్ తనే తీసి నా చేతిలో పెట్టింది.

"ఎవురు పాడినారు ఇది?"

"నేనే అవ్వా."

"నీకు దమ్ముండాదా?"

ఆయాసం ఉందా అని అడుగుతోంది. లేదన్నాను.

"ఆయనకుండె. దూది దుమ్ము యాభై ఏండ్లు మింగినాడు. ఆ మాట కాడ ఆయనకు ఊపిరి అందదు. గడు అంటాడు, పీలుస్తాడు, పుదు అంటాడు. ఓబన్న ఎక్కిరిస్తా ఉండె." చేతిలోని దూదిని చూసుకుంది. "గొంతు నీది పాపా. ఊపిరి ఆయనది."

నాకు ఏడుపొచ్చింది. భయంతో వచ్చిన ఏడుపే. నేను పాడిన గుర్తు లేదని, కావాలని చేయలేదని ఆమెకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆ పాట ఏమి చేస్తావని అడిగింది. సీటు సంగతి, ఫారం సంగతి చెప్పాను. పాడినవాళ్ల సంతకం కావాలని, వాళ్లు లేకపోతే ఇంట్లోవాళ్లది పెట్టవచ్చని చెప్పాను.

"అయితే పేరు ఎవురిది రాస్తావ్? నీదా?" అంది. ఆ మాటలో పోటు ఉంది.

కాదని తలాడించాను.

"ఆయన పేరు రాయి. ఏలిముద్ర నేనేస్తా."

పరుపు పక్కకు నెట్టి బొటనవేలు చాపింది. నా సంచిలో స్టాంపు ప్యాడు ఉంది. పూర్తి పాట దొరికిన రోజున వాడదామని నెల రోజులుగా మోస్తున్నాను. ఆమె వేలికి ఇంకు నేనే రాశాను. ముద్ర వేశాక వేలు దూదికి తుడుచుకుంది.

మా సార్‌కు అంతా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన రెండుసార్లు విన్నారు. ఎప్పుడో విన్న పాటలు మనకు తెలియకుండానే లోపల ఉండిపోతాయని, భయపడవద్దని అన్నారు. పాట ఎవరిదో వాళ్ల పేరే రాయమని, గొంతు సంగతి చివర "గమనిక" అన్న గడిలో వివరించమని చెప్పారు.

ఫారం నింపాను. ముందు పాడినవారు: ఓబన్న. వంత: దస్తగిరి, ఆయన పోయిన తేదీతో సహా. రికార్డు చేసిన తేదీ రాశాను. గమనిక గడి దగ్గర ఆగిపోయాను. గడువు రోజు సాయంత్రం నాలుగయ్యింది. అది ఖాళీగా ఉండగానే ఇచ్చేశాను.

ఇంటర్వ్యూలో పాట వినిపించారు. అయ్యాక ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పాటను ఇద్దరికీ పంచే ఆచారం గురించి అడిగారు, గురువు గురించి అడిగారు. రెండో గొంతు గురించి ఎవరూ అడగలేదు. ఆ ఫారంలో రెండు తేదీలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మనిషి పోయిన ఐదు నెలలకు పాడాడని ఎవరికైనా కనిపించేలా ఉన్నాయి. ఎవరూ చూడలేదో, చూసి ఊరుకున్నారో తెలియదు. సీటు మాత్రం వచ్చింది.

మాబమ్మ అవ్వకు వెళ్లి చెప్పాను, సంతోషపడింది. ఓబన్న తాతకు ఫోను చేశాను. "వానికి చెప్తివా?" అని అడిగాడు. ఎవరికి అని నేను అడగలేదు.

ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. జబ్బు అనుకుందామంటే అంతకుముందూ ఆ తర్వాతా నాకేమీ కాలేదు. జ్ఞాపకం అనుకుందామంటే ఎక్కడిదో తేలలేదు. దయ్యం అనడానికి నా నోరు రాదు.

సోమవారం జాయినింగు. ఫైలులో ఖాళీ గడులేవీ ఉండకూడదని ఆఫీసు నుంచి కబురొచ్చింది, ఫారం తిరిగి పంపారు. నాయన ఇప్పటికే షెడ్డులో అందరికీ స్వీట్లు పంచాడు. నాలుగు రోజులుగా ఆ గమనిక గడి ముందు కూర్చుంటున్నాను. "దస్తగిరి వంతు నాలుగు చరణాలను ఈ రికార్డులో పాడినది" అని రాస్తాను. ఆ తర్వాత రాయాల్సిన పేరు దగ్గర నా పెన్ను ఆగిపోతోంది.